పంచాయతీ చావడిలో ఉపగ్రహ టెలివిజను: సభ్యులు తెలిసికొనవలసిన మాటలు

గ్రంథాలయమునందో, రైతు సేవా కేంద్రమునందో, పంచాయతీ కార్యాలయపు వసారాలోనో ఒక టెలివిజను నెలకొల్పవలెనని గ్రామ పంచాయతీలు తీర్మానించుట నేడు వింత గాదు. తీర్మానము వ్రాయుట సులభమే. చిక్కు ఆ పిమ్మట వచ్చును. దుకాణదారుడు ఒక కాగితముపై “ఎంపెగ్-4, హెచ్‌డీ, పీవీఆర్ రెడీ” అని వ్రాసి, ప్రక్కన ధర వేసి యిచ్చును. ఆ మాటల కర్థమేమో తెలియక సంతకము చేసినచో ప్రజాధనము వ్యర్థము కావచ్చును. అర్థము కాలేదు గదా యని మానుకొన్నచో గ్రామమునకు రావలసిన ప్రయోజనమే రాకపోవును.

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలునందు పంచాయతీల కుద్దేశింపబడిన 29 విషయములలో కడపటిది సామాజిక ఆస్తుల నిర్వహణము. చెరువు తూము, వీధి దీపము ఎట్టివో, ఊరి టెలివిజను పెట్టెయు నట్టిదే. తూము ఎట్లు పనిచేయునో తెలిసినవాడే దాని మరమ్మతు లెక్కను సరిచూడగలడు. కావున ఉపగ్రహ టెలివిజను పరికరములందును, కార్యక్రమములను భద్రపరచు రికార్డింగు యంత్రములందును తరచుగా వినవచ్చు మాటలను, అవి తెలుపు పనులను గోరంట్ల ప్రాంతమునకు అనువుగా ఈ వ్యాసమునందు వివరించుచున్నాము.

అర్ధశతాబ్దికి పూర్వపు పాఠము

ఉపగ్రహము నుండి నేరుగా పల్లెకు టెలివిజను వచ్చుట మన రాష్ట్రమునకు క్రొత్త గాదు. భారతదేశమునకును అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాకును 1969లో కుదిరిన ఒడంబడిక ననుసరించి, 1975 ఆగస్టు 1వ తేదీ నుండి 1976 జులై 31వ తేదీ వరకు ఒక గొప్ప ప్రయోగము జరిగినది. దానిని సంగ్రహముగా ‘సైట్’ అని పిలిచిరి. ఏటీఎస్-6 అను అమెరికా ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, బీహారు, మధ్యప్రదేశ్, ఒరిస్సా, రాజస్థాన్ రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు వ్యవసాయము, ఆరోగ్యము, పిల్లల చదువు మున్నగు విషయములపై కార్యక్రమములు ప్రసారమైనవి. తెలుగు కార్యక్రమములు హైదరాబాదునందు తయారైనవి. కోళ్ల దొడ్లకు కట్టు తీగవల వంటి వలతో చేసిన, మూడు మీటర్ల వెడల్పు గల డిష్‌లు ఆ గ్రామములలో నిలిచినవి. ఒక చిత్రముతో పాటు రెండు ధ్వనిమార్గములను నడుపుటకు ఆ ఏర్పాటునందు వీలుండెను. ఈనాటి పెట్టె రిమోటుపై ‘ఆడియో’ అను మీట చేయు పని యిదియే. ఒకే చిత్రమునకు రెండు భాషలలో ధ్వని వచ్చుచున్నప్పుడు మనకు వలసిన భాషను ఆ మీటతో ఎన్నుకొనవచ్చును. కన్నడదేశపు సరిహద్దున నున్న హిందూపురము, గోరంట్ల ప్రాంతములవారికి ఇది ఉపయోగపడు మాట.

ఏడాది గడువు తీరగనే ఆ ఉపగ్రహము మరల పడమటి దిక్కునకు తరలింపబడినది. మన ఆకసమున ఉపగ్రహము లేక, ఆ డిష్‌లకు సంకేతము రాలేదు. 1983లో మన ఇన్సాట్-1బి ఆకాశమున నిలిచిన పిమ్మటనే ఉపగ్రహ ప్రసారములు మన దేశమున స్థిరపడినవి. ఈ చరిత్రలో పంచాయతీలకు రెండు పాఠములు కలవు. మొదటిది: పెట్టె మన చేతనున్నను, సంకేతము పంపువారెవరో, ఎంతకాలము పంపుదురో ముందుగా తెలిసికొనవలెను. రెండవది: ఆ దినములలో గ్రామపు సెట్టునందు కార్యక్రమమును భద్రపరచు వీలు లేదు. సాయంకాలము మడికి నీరు కట్టబోయిన రైతు మరునాడు దానిని చూడజాలడు. ఈ రెండవ లోటును తీర్చుటకే రికార్డింగు యంత్రము పుట్టినది.

ఆకసమున కదలని బిందువు

భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహము, భూమి తనచుట్టు తాను తిరుగుటకు పట్టు కాలములోనే ఒక చుట్టు పూర్తిచేయును. కావున నేలపై నుండి చూచువారికి అది ఎల్లప్పుడు ఒకే చోట నిలిచియున్నట్లే తోచును. దీనినే భూస్థిర ఉపగ్రహమందురు. అది నిలిచిన చోటును రేఖాంశముతో చెప్పుదురు. ప్రసార భారతి వారి ఉచిత సేవయగు డీడీ ఫ్రీ డిష్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున నున్న జీశాట్-15 ద్వారా వచ్చుచున్నది. ఈ ఉపగ్రహము 2015 నవంబరు 11న దక్షిణ అమెరికాలోని కౌరూ కేంద్రము నుండి ప్రయోగింపబడినది.

గోరంట్ల సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశము మీదను, 78 డిగ్రీల తూర్పు రేఖాంశమునకు కొంచెము పడమరగాను ఉన్నది. ఈ లెక్క ప్రకారము గోరంట్ల నుండి చూచినపుడు ఆ ఉపగ్రహము ఆగ్నేయ దిక్కున, నేలమట్టమునకు సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉండును. అనగా నడినెత్తికి చేరువగనే యన్నమాట. పెనుకొండ, హిందూపురము, ధర్మవరములలోను ఈ లెక్కలో భేదము మిక్కిలి స్వల్పము.

దీనివలన సభ్యులకు ఒక మేలు కలదు. డిష్‌కు చెట్టు అడ్డమనియు, దానిని కొట్టవలసినదే యనియు పనివాడు చెప్పినచో, ఆ మాటను తామే పరీక్షింపవచ్చును. డిష్ కంటె ఇరువది అడుగులు ఎత్తుగా పెరిగిన వేపచెట్టు ఆగ్నేయమున నున్నను, దాని కొమ్మలు పది అడుగుల దూరమునకు ఇవతలికి రానిచో అడ్డము కాజాలదు. ఉత్తరము వైపునను, పడమటి వైపునను ఎంత పెద్ద చెట్టున్నను బాధ లేదు. ఇంకొక మాట. నేటి చిన్న డిష్‌లు నిటారుగా నిలిచినట్లు కనిపించును. 65 డిగ్రీల ఎత్తును చూచుచున్నట్లు తోచదు. వీటియందు కిరణములను గ్రహించు భాగము ఎదుట నడిమి భాగమున గాక క్రింది వైపునకు జరిపి అమర్చబడుటయే దీనికి కారణము. ఇది లోపము గాదు.

డిష్ మొదలు పెట్టె వరకు

ఉపగ్రహము నుండి వచ్చు కిరణములు మిక్కిలి బలహీనములు. వాననీటిని పళ్లెముతో పట్టి ఒకచోట చేర్చినట్లు, ఆ కిరణములను ఒక బిందువున కేంద్రీకరించుటయే డిష్ పని. 1975 నాటి సంకేతములు సెకనుకు 86 కోట్ల స్పందనములు గల తరంగములపై రాగా, నేటి ఇంటి డిష్‌లకు వచ్చు కెయూ బ్యాండు తరంగములు సెకనుకు వేయికోట్లకు మించిన స్పందనములు గలవి. పైగా నేటి ఉపగ్రహములు అధిక శక్తితో ప్రసారము చేయును. అందువలననే మూడు మీటర్ల డిష్‌కు బదులు సుమారు అరువది సెంటీమీటర్ల డిష్ చాలుచున్నది. కేబులు ఆపరేటర్ల మిద్దెలపై కనిపించు పెద్ద డిష్‌లు సీ బ్యాండు అను వేరొక శ్రేణికి సంబంధించినవి.

డిష్ ఎదుట చేయివలె చాచిన కడ్డీ చివరనుండు చిన్న పరికరము ఎల్‌ఎన్‌బీ. అది చేరిన కిరణములను గ్రహించి, బలపరచి, తీగలో ప్రయాణింపగల తక్కువ స్పందనములకు మార్చి పెట్టెకు పంపును. దీనికి వలయు విద్యుత్తు ఆ తీగలోనే పెట్టె నుండి పైకి పోవును. తరంగములు నిలువుగా కంపించునవి కొన్ని, అడ్డముగా కంపించునవి కొన్ని. పెట్టె 13 వోల్టులు పంపినచో ఎల్‌ఎన్‌బీ నిలువు తరంగములను, 18 వోల్టులు పంపినచో అడ్డు తరంగములను గ్రహించును. కొన్ని చానళ్లు వచ్చి, కొన్ని మాత్రమే రాకున్నచో కారణము తరచుగా ఇచ్చటనే యుండును. తీగ నలిగియుండవచ్చును, దాని కొనలో నీరు చేరియుండవచ్చును, ఎల్‌ఎన్‌బీ తగినంత త్రిప్పబడక యుండవచ్చును. ఇట్టి సందర్భమున క్రొత్త పెట్టె కొనుమని చెప్పువాని మాట వెంటనే నమ్మరాదు.

పెట్టె, అనగా సెట్‌టాప్ బాక్సు లేక రిసీవరు, కట్టగా వచ్చిన అంకెలను విప్పి చిత్రముగను ధ్వనిగను మార్చును. చిత్రమును అట్లే పంపినచో మార్గము చాలదు గనుక, దానిని కుదించి పంపుదురు. ఈ కుదించు పద్ధతుల పేర్లే ఎంపెగ్-2, ఎంపెగ్-4. రెండవది క్రొత్తది, ఎక్కువగా కుదించగలది. ఎంపెగ్-2 మాత్రమే విప్పగల పాత పెట్టె ఎంపెగ్-4లో వచ్చు చానళ్లను చూపజాలదు. ఎంపెగ్-4 పెట్టె సాధారణముగా రెండింటిని విప్పును. ఎస్‌డీ యనగా సాధారణపు చిత్రము. హెచ్‌డీ యనగా సూక్ష్మమైన చుక్కలతో కూడిన స్పష్టమైన చిత్రము. మన దేశమున ఎస్‌డీ చిత్రమునందు 576 గీతలు, పూర్తి హెచ్‌డీ చిత్రమునందు 1,080 గీతలు ఉండును. హెచ్‌డీ ఫలము కనుపడవలెనన్నచో చానలు, పెట్టె, టెలివిజను మూడును హెచ్‌డీకి తగినవై యుండవలెను. ఒకటి తక్కువైనను మిగిలినవాటికి పెట్టిన అధిక వ్యయము దండుగ.

బలము వేరు, నాణ్యము వేరు

పెట్టెలోని ఒక మీట నొక్కినచో తెరపై రెండు పట్టెలు కనిపించును. ఒకటి సంకేతపు బలము, రెండవది సంకేతపు నాణ్యము. బలము ఎక్కువగా చూపుచున్నదని తృప్తి పడరాదు. డిష్ ఆకాశమున ఏ మూలను చూచుచున్నను, ఎల్‌ఎన్‌బీ పనిచేయుచున్నంత మాత్రమున బలపు పట్టె కొంత నిండియుండును. నాణ్యము సున్నగా నున్నచో డిష్ సరియైన ఉపగ్రహమును చూచుట లేదనియే యర్థము. పని ముగిసినదని చెప్పి పనివాడు డబ్బు అడిగినపుడు, సభ్యులు నాణ్యపు పట్టెను చూచి, ఆ అంకెను పుస్తకములో వ్రాసికొనుట మంచిది. ఆరు నెలల పిమ్మట చిత్రము చెడినపుడు ఆ అంకెయే సాక్ష్యము.

పాత టెలివిజనులో సంకేతము తగ్గినకొలది తెరపై మంచు కురిసినట్లు చుక్కలు పెరిగెడివి. అంకెల పద్ధతిలో అట్లు గాదు. కొంత మేరకు చిత్రము చక్కగనే యుండును. ఆ మేర దాటగనే చదరములుగా విరిగి, ఒక్కసారిగా ఆగిపోవును. కుండపోతగా వాన కురియునపుడు కెయూ బ్యాండు తరంగములను వాన చినుకులు పీల్చివేయుటవలన ఇట్లగును; వాన వెలిసినంతనే సర్దుకొనును. ఇంతియే గాక, మార్చి నెల నడుమను, సెప్టెంబరు చివరి దినములలోను సూర్యుడు సరిగా ఉపగ్రహము వెనుకకు వచ్చుటచే, పగటిపూట కొన్ని నిమిషములు ప్రసారము చెడవచ్చును. ఇవి మరమ్మతు వలన తీరునవి గావు. వీటికై ఎవరికిని కూలి చెల్లింపనవసరము లేదు.

ఉచితము, చందా

డీడీ ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అను పేరుతో 33 చానళ్లతో ప్రారంభమైనది. పెట్టెను, డిష్‌ను కొనిన పిమ్మట దీనికి నెలసరి చందా లేదు. దూరదర్శన్ సప్తగిరి, రైతులకై 2015 మే 26న ప్రారంభమైన డీడీ కిసాన్, విద్యార్థులకై నడుపబడు పాఠముల చానళ్లు మున్నగునవి దీనియందు లభించును. ప్రైవేటు చానళ్లకు ఇందలి స్థానములు వేలము ద్వారా ఇయ్యబడుచుండుటచే చానళ్ల పట్టిక అప్పుడప్పుడు మారును. “నిన్న వచ్చిన చానలు నేడు లేదు” అని ఎవరైన ఫిర్యాదు చేసినచో, ముందుగా పెట్టెచే చానళ్లను మరల వెదకింపవలెను. దీనినే ‘ఆటో స్కాన్’ అందురు.

చందా సేవలయందు సంకేతమునకు తాళము వేయబడును. చందా చెల్లించిన పెట్టెకే ఆ తాళపుచెవి అందును. చందా ఆగిన దినమున డబ్బుతో ముడిపడిన చానళ్లు ఆగిపోవును. పంచాయతీలకు ఇది ముఖ్యము. ఒక సంవత్సరము ఉత్సాహముతో చందా కట్టి, రెండవ సంవత్సరము పద్దులో దానికి స్థానము లేకపోయినచో, ఊరి టెలివిజను ధూళి పట్టిన అలంకారమగును. కొనుగోలు ధర ఒక్కసారిది. చందా ప్రతి సంవత్సరమునది. ఈ రెండును తీర్మానమునందు వేరువేరుగా కనిపించవలెను.

భద్రపరచు యంత్రపు మాటలు

వచ్చుచున్న కార్యక్రమమును అంకెల రూపమున దాచి, కోరినపుడు మరల చూపు యంత్రమును డీవీఆర్ లేక పీవీఆర్ అందురు. రెండు మాటలకు అర్థభేదము లేదు. ఇండ్లలో వాడుకొను ఇట్టి యంత్రములు 1999లో అమెరికాలో విపణికి వచ్చినవి; మన దేశమున 2008లో టాటా స్కై సంస్థ ఇట్టి పెట్టెను ప్రవేశపెట్టినది. కొన్ని పెట్టెలలో దాచు డిస్కు లోపలనే యుండును. మరికొన్నింటికి వెలుపల పెన్ డ్రైవునో, హార్డ్ డిస్కునో తగిలించవలెను. “పీవీఆర్ రెడీ” లేక “రికార్డింగ్ రెడీ” అను మాటకు, రికార్డు చేయు శక్తి కలదు గాని దాచుటకు వలయు సాధనము ధరలో చేరలేదనియే సాధారణముగా అర్థము. యూఎస్‌బీ రంధ్రమున్న పెట్టెలన్నియు రికార్డు చేయవు. కొన్నింటిలో ఆ రంధ్రము పాటలు, బొమ్మలు చూచుటకు మాత్రమే. ఈ ఒక్క భేదమును అడిగి తెలిసికొనకపోవుటవలన కొనుగోలుదార్లు తరచుగా నష్టపోవుదురు.

ఎంత పెద్ద డిస్కు కావలెనను ప్రశ్నకు పలక మీద లెక్క చాలును. ఎస్‌డీ చిత్రము సెకనుకు 4 మెగాబిట్ల వేగమున వచ్చుచున్నదనుకొందము. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున సెకనుకు అర మెగాబైటు. గంటకు 3,600 సెకనులు గనుక 1,800 మెగాబైట్లు, అనగా సుమారు 1.8 గిగాబైట్లు. ఈ లెక్కన 32 గిగాబైట్ల పెన్ డ్రైవులో పదునేడు గంటల కార్యక్రమము, 500 గిగాబైట్ల డిస్కులో సుమారు 270 గంటల కార్యక్రమము పట్టును. హెచ్‌డీకి వేగము రెట్టింపైనచో గంటలు సగమగును. వారమునకు నాలుగు గంటల వ్యవసాయ కార్యక్రమములను దాచుకొను పంచాయతీకి పెద్ద డిస్కు అనవసరమని దీనివలన స్పష్టము.

‘టైమరు’ అనగా ఫలాని దినము, ఫలాని వేళ, ఫలాని చానలును భద్రపరచుమని ముందుగా ఆజ్ఞాపించుట. పెట్టె నిద్రావస్థలో, అనగా స్టాండ్‌బైలో నున్నచో ఈ ఆజ్ఞ నెరవేరును. పొదుపు పేర గోడ మీట ఆర్పివేసినచో నెరవేరదు. కరెంటు పోయినను అంతియే. ‘ఈపీజీ’ యనగా తెరపై కనిపించు కార్యక్రమముల పట్టిక; దానినుండియే టైమరు పెట్టవచ్చును. ‘టైమ్ షిఫ్ట్’ అనగా వచ్చుచున్న కార్యక్రమమును నిలిపి, కొంతసేపటికి నిలిపినచోటి నుండి మరల చూచుట. ‘రెండు ట్యూనర్లు’ గల పెట్టె ఒక చానలును చూపుచునే వేరొక చానలును దాచగలదు; ఒక్కటే యున్న పెట్టెలో సాధారణముగా దాచుచున్న చానలునే చూడవలెను. ‘ఫార్మాట్’ అను మాటయందు మిక్కిలి జాగ్రత్త కావలెను. డిస్కును ఫార్మాట్ చేయుట యనగా అందున్నదంతయు తుడిచివేయుట. పొలము దున్నినట్లే, పాత మొలక మిగలదు.

చందా పెట్టెలలో దాచిన కార్యక్రమములు తరచుగా తాళముతోనే దాచబడును. ఆ డిస్కును వేరొక పెట్టెకు గాని కంప్యూటరుకు గాని తగిలించినచో అవి కనిపించకపోవచ్చును. చందా ఆగినచో చూచుటకే వీలు లేకపోవచ్చును. మల్బరీ తోటల తెగుళ్లపైనో, వేరుసెనగ విత్తన శుద్ధిపైనో పాఠములను కొన్నేండ్లు నిలువ చేయదలచిన గ్రామము, ఈ సంగతిని కొనకముందే అడుగవలెను.

చట్టపు హద్దు

ప్రసారముల విషయమున 1957 నాటి కాపీరైటు చట్టము కొన్ని హద్దులు విధించినది. దాని 37వ సెక్షను ప్రకారము, ప్రసార సంస్థ అనుమతి లేక ప్రసారమును రికార్డు చేయుటయు, రుసుము వసూలు చేసి ప్రజలకు చూపుటయు దోషములు. సొంత ఉపయోగమునకును, నిజమైన బోధనకు లేక పరిశోధనకు మాత్రమేయును చేసికొను రికార్డును 39వ సెక్షను మినహాయించుచున్నది. కావున పంచాయతీ చావడిలో టిక్కెట్టు పెట్టి క్రికెట్టు పోటీ చూపరాదు. సినిమాలను దాచి ప్రదర్శించు ఆలోచన మానుకొనవలెను. రైతులకు, విద్యార్థులకు బోధింపదగిన కార్యక్రమములకే యంత్రమును పరిమితము చేయుట క్షేమము. సందేహమున్నచో ప్రసార సంస్థ అనుమతి కోరవలెను.

తీర్మానమునకు ముందు

సభ్యులు దుకాణదారుని ఈ క్రింది ప్రశ్నలు అడిగి, సమాధానములను కాగితముపై వ్రాయించుకొనవలెను.

1. ఈ పెట్టె ఏ ఉపగ్రహమునకు, ఏ సేవకు పనిచేయును? సేవ మార్చుకొన్నచో పెట్టె ఉపయోగపడునా?

2. ఎంపెగ్-4ను విప్పునా? మన టెలివిజను హెచ్‌డీకి తగినదేనా?

3. రికార్డు చేయునా, లేక రంధ్రము మాత్రమే కలదా? డిస్కు ధరలో చేరినదా?

4. దాచిన కార్యక్రమమును వేరొక యంత్రములో చూడవచ్చునా? చందా ఆగినచో ఏమగును?

5. డిష్ బిగించిన దినమున నాణ్యపు పట్టె ఎంత చూపినది? మరమ్మతు బాధ్యత ఎవరిది, ఎంతకాలము?

వీటికి తోడు, డిష్ స్తంభమునకు భూమి తీగ వేయించుటయు, ఉరుములు మెరుపుల వేళ గోడ మీట ఆర్పి తీగను ఊడదీయుటయు మరువరాదు. అట్టి వేళ రికార్డింగు తప్పినను ఫరవాలేదు. యంత్రము మిగులుట, అంతకు మించి మనుష్యులు క్షేమముగా నుండుట ముఖ్యము. యంత్రమును నడుపు బాధ్యతను గ్రంథాలయ నిర్వాహకునికో, ఒక యువతికో తీర్మాన పూర్వకముగా అప్పగించి, వారమున ఏ కార్యక్రమములు దాచబడినవో, ఎప్పుడు చూపబడునో నోటీసు పలకపై వ్రాయించుట మేలు.

పట్టుపురుగులకు ఆకు వేసి, రేయి పొద్దుపోయిన పిమ్మట తీరిక చిక్కు స్త్రీలకును, తెల్లవారుజామున పొలమునకు వెడలు రైతుకును ప్రసారపు వేళలు అనుకూలించవు. వారి వేళకు ఆ పాఠమును వినిపించుటకే ఈ యంత్రము. దానిని కొనునపుడు అడిగిన నాలుగు ప్రశ్నలు, కొనిన పిమ్మట వ్రాసిన నాలుగు అంకెలు, పంచాయతీ పద్దునందలి ప్రతి రూపాయిని కాపాడును. వచ్చు సమావేశమునకు ముందు సభ్యులు ఈ మాటలను ఒకమారు తమలో తాము చర్చించుకొని, గ్రామసభ యెదుట ధైర్యముగా చెప్పగలిగినంతవరకు తెలిసికొనుట వారి కర్తవ్యము.